చిలకమ్మ తాగిన గంజి

ఖరగ్‌పూర్ రైల్వే ఆస్పత్రికి డాక్టర్లు వచ్చేవారు, పోయేవారు. నర్సులు బదిలీ మీద వెళ్లిపోయేవారు. అంటురోగాల వార్డులో చిలకమ్మ మాత్రం ఎక్కడికీ పోయేది కాదు. ఆయాగా చేరింది యాభై ఆరులో. చేరిన మూడో నెలకే ఆ వార్డు తన పుట్టింటివాళ్లు రాసిచ్చినట్టు తిరగడం మొదలుపెట్టింది. కొత్త డాక్టరెవరైనా ఫలానా మందు ఇమ్మని చెబితే, “అది ఈయనకి పడదు బావూ, పోయినేడు ఇచ్చీసి సూసినారు” అని తీర్పు చెప్పేసేది. అలాంటి ఆయాని మరో చోట రెండో రోజునే ఇంటికి పంపేసేవారు. ఇక్కడ పంపలేదంటే కారణం ఒకటే. చిలకమ్మ చెప్పింది పదిసార్లలో తొమ్మిదిసార్లు నిజమయ్యేది. ఆ పదోసారి సంగతి ఆవిడ ఎవరికీ గుర్తుండనిచ్చేది కాదు.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. మొగుడు నూకయ్య రైల్వే కార్ఖానాలో బాయిలర్ షాపు మనిషి. పాతికేళ్లు సుత్తి దెబ్బల మోతలో పని చేసి సగం చెవుడు తెచ్చుకున్నాడు. ఆయనకి వినపడేలా మాట్లాడీ మాట్లాడీ ఆవిడ గొంతు అలా తయారైందని పూరీ గేట్ దగ్గర క్వార్టర్లలో అందరూ అనుకునేవారు. పెళ్లిపీటల మీద కూడా అది అంతే ఉందని నూకయ్య మాత్రం ఒప్పుకునేవాడు.

కలరా విషయంలో చిలకమ్మకి ఒకే ఒక్క సూత్రం ఉండేది. కలరా రోగి మంచానికి మధ్యలో కంత చేసి, కింద బకెట్టు పెడతారు. “కింద బకెట్టులో ఎన్ని మగ్గులు పడితే పైన అన్ని మగ్గులు పొయ్యాల. ఇంతే. ఇంకేటీ నేదు” అనేది. రోగి కక్కితే, కక్కనియ్యి, మళ్లీ పొయ్యి. వద్దంటే, వద్దననియ్యి, మళ్లీ పొయ్యి. డాక్టర్లు లావుపాటి పుస్తకాల్లో చదివొచ్చింది కూడా తిప్పి తిప్పి అదే కాబట్టి ఎవరూ కాదనలేకపోయేవారు.

రైల్వేలో ప్రథమ చికిత్స నేర్పే వాలంటీర్ల దళం ఒకటి ఉండేది. ఆస్పత్రిలో గాయాలకి కట్లు కట్టే డ్రెస్సరు విల్‌ఫ్రెడ్ దానికి గురువు. ఖాకీ నిక్కరు, తళతళలాడే బూట్లు, పెదవి మీద గీత గీసినట్టు మీసం. చిలకమ్మకి ఇంగ్లీషు అక్షరం రాదు, తెలుగులో సంతకం ఒక్కటే వచ్చు. అయినా దళంలో చేరతానని పట్టుబట్టింది. పరీక్ష నోటితోనూ చేతులతోనూ పెట్టేదే కాబట్టి విల్‌ఫ్రెడ్ సరేనన్నాడు. ఇంక కట్లు కట్టడం సాధన చెయ్యడానికి ఇంట్లో నూకయ్య ఉండనే ఉన్నాడు. ఒకనాడు భోజనం చేసి కునుకు తీస్తున్న మనిషి కాలికి తుంటి నుంచి మడమ దాకా వెదురు బద్దలు పెట్టి, ఎనిమిది చోట్ల ముళ్లు వేసి, పక్కింటావిడకి చూపిద్దామని వెళ్లింది. ఇంతలో కార్ఖానా కూత కూసింది. రెండో షిఫ్టుకి పోవాల్సిన నూకయ్య లేవలేక, ముళ్లు విప్పలేక అరిచిన అరుపులకి ఆ లైన్లో అందరూ పోగయ్యారు. ముళ్లు ఊడలేదు కాబట్టి పరీక్ష పాసైనట్టేనని చిలకమ్మ అందరి ఎదుటా ప్రకటించుకుంది. తరవాత నిజంగానే పాసైంది.

అరవై అయిదు యుద్ధంలో పక్కనే ఉన్న కలైకుండ విమానాల స్థావరం మీద బాంబులు పడ్డప్పుడు, దళమంతా స్ట్రెచర్లు పట్టుకుని స్టేషన్లో రోజంతా నిలబడింది. ఒక్క గాయపడ్డవాణ్ణి కూడా వాళ్ల దగ్గరికి తీసుకురాలేదు. సాయంత్రం ఇళ్లకి పొమ్మన్నారు. ఎవరికీ ఏమీ కానందుకు సంతోషించాలో, నేర్చుకున్నది అక్కరకి రానందుకు విసుక్కోవాలో తెలియక చిలకమ్మ ఆ రోజు నూకయ్య మీద విసుక్కుంది.

డెబ్భై ఒకటిలో మాత్రం కబురు దానంతటదే వచ్చింది. తూర్పు బెంగాల్లో యుద్ధం. లక్షలమంది సరిహద్దు దాటి వచ్చేస్తున్నారు. శిబిరాల్లో కలరా. రైల్వే దళం నుంచి వాలంటీర్లు కావాలన్నారు. విల్‌ఫ్రెడ్ పన్నెండు మందిని ఎంచాడు. పదకొండుమంది మగవాళ్లు, పన్నెండోది చిలకమ్మ. నిజానికి ఆవిణ్ణి ఆయన ఎంచలేదు. ఆవిడే తన పేరు రాయించి, సంతకం పెట్టి, ఎప్పుడు బయల్దేరాలని అడిగింది.

“అక్కడ బాంబులు పడతన్నాయట. నీకేటైనా అయితే నానేటి సెయ్యాల?” అన్నాడు నూకయ్య.

“నువ్వు అన్నం వండుకోడం నేర్సుకోవాల” అంది చిలకమ్మ. తరవాత గొంతు తగ్గించి చెప్పింది. “ఆ కలరా గురించి నాకు తెలిసినంత అక్కడున్నోల్లకి తెల్దు మావా. తెలిసుండీ ఇంటికాడ కూకోమంతావేటి?”

అంత తగ్గించిన గొంతు కూడా నూకయ్యకి వినపడింది. మర్నాడు ఆయనే ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని స్టేషనుకి వచ్చాడు. గోల్‌బజార్‌లో కిరాణా కొట్టు పాండురంగయ్య దళం తిండికని నాలుగు బస్తాల ఉప్పుడు బియ్యం పంపాడు. వాటిని కూడా ఎక్కించి బయల్దేరారు.

శిబిరం సరిహద్దుకి మూడు మైళ్లు. మూతబడ్డ బడి ఒకటి, దాని చుట్టూ టార్పాలిన్ గుడారాలు, వాటి చుట్టూ బురద. అవతలి నుంచి ఫిరంగుల మోత వచ్చేది. మొదటి రోజు మోత వినపడగానే వాలంటీర్లు బల్లల కింద దూరారు. చిలకమ్మ బకెట్టు చేతిలో పెట్టుకుని నిలబడే ఉంది. “బాయిలర్ షాపు ఇంతకన్నా ఎక్కువ మోగుతాది, లేవండి” అంది. ధైర్యమని చెప్పలేం గానీ, బకెట్టు నిండుగా ఉంది, ఒలికితే మళ్లీ కడగాల్సింది తనే. మూడో రోజుకి అందరికీ ఆ మోత అలవాటైపోయింది.

తూటా దెబ్బలు, ఫిరంగి పెంకులు దిగిన వాళ్లని విల్‌ఫ్రెడ్ గదికి పంపేవారు. బడి వరండా, పెద్ద గది కలరా వార్డు. అది చిలకమ్మది. కలకత్తా నుంచి తనంతట తాను వచ్చిన డాక్టరు బాబు ఒకడు వార్డు మొత్తానికీ డాక్టరు. ఇరవై ఆరేళ్లు ఉంటాయేమో, నిద్రలేక కళ్లు గుంటలు పడ్డాయి. వచ్చిన రోజునే చిలకమ్మ వడ్రంగిని పట్టుకుని మంచాలకి కంతలు కొట్టించింది. ప్రతి మంచం దగ్గరా గోడమీద బొగ్గుతో గీతలు. కిందకి పోయిన మగ్గుకి ఒక గీత, లోపలికి పోసిన మగ్గుకి ఒక అడ్డగీత. చదువు రానివాళ్లు కూడా చూసి చెప్పగలిగే లెక్క. వార్డులోకి వచ్చే వాలంటీరు అక్కడ తినకూడదు, తాగకూడదు, చేతులు కడగకుండా గడప దాటకూడదు అని ఒక రూలు కూడా తనే పెట్టింది. డాక్టరు బాబు రెండు రోజులు చూసి, మూడో రోజు నుంచి ఆవిణ్ణి “మాసీ” అనడం మొదలుపెట్టాడు. పిన్నీ అన్నమాట. చిలకమ్మకి ఇంక పట్టపగ్గాలు లేవు.

ఆవిడ బెంగాలీ ధారాళంగా మాట్లాడేది. పుట్టింది ఖరగ్‌పూర్లోనే కదా. అయితే ఏ భాష మాట్లాడినా ఆ నోట్లోంచి శ్రీకాకుళమే బయటికొచ్చేది. కాబట్టి ఆవిడ బెంగాలీలో అన్న మాటలు కూడా ఇక్కడ అలాగే రాయక తప్పదు.

పదహారో రోజున వచ్చారు ఖీరోదా, రేణు. నాయనమ్మా, మనవరాలూ. ఆరు రోజులు నడిచారట. ఇంట్లో తొమ్మిదిమంది బయల్దేరితే మిగిలింది ఇద్దరు. రేణుకి పదిహేడేళ్లు. వచ్చేసరికే కళ్లు లోపలికి పోయాయి, చేతి వేళ్ల చర్మం నానిపోయినట్టు ముడతలు పడింది, నాడి దొరకలేదు. రెండు సీసాల సెలైను ఎక్కించేసరికి నాడి దొరికింది. కళ్లు తెరిచి నాయనమ్మ వైపు చూసింది. ఆ ముసలావిడ వరండాలో మంచం పక్కన నేలమీద కూర్చుని, పిల్ల కాలి బొటనవేలు పట్టుకుని వదల్లేదు. ఆ వేలు తప్ప ఆవిడకి లోకంలో ఇంకేమీ మిగల్లేదు మరి.

మర్నాడు పొద్దున్న సెలైను అయిపోయింది. ఆఖరి సీసా, కాన్పు కాబోతూ కలరా పట్టిన ఒక అమ్మాయికి పెట్టేశారు. నోటితో తాగించే ఉప్పు, గ్లూకోజు పొట్లాలు కూడా అడుగంటాయి. రెండు రోజులుగా వాన. రోడ్డు మీద నడుం లోతు నీళ్లు. మందుల లారీ ఎక్కడో ఆగిపోయింది. వార్డులో నలభై ఒక్కమంది. డాక్టరు బాబు వరండా మెట్టుమీద కూర్చుని తల పట్టుకున్నాడు.

“గంజి ఉంది కదేటి” అంది చిలకమ్మ.

ఆయన తలెత్తాడు.

“మెత్తగా ఉడకబెట్టీసి, వార్సీసి, ఉప్పేసి పోద్దాం. మా వార్డులో మందు అయిపోయినప్పుడు నాను పోసినాను. ఎవుల్నీ అడగనేదు అనుకో.”

డాక్టరు బాబు లేచాడు. ఉప్పు ఎంత వెయ్యాలో తను చెబుతానన్నాడు. మొదటి కుండ దిగాక వేలు ముంచి నాలిక్కి రాసుకుని, “కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. ఇది సరిపోయింది” అన్నాడు. చిలకమ్మకి ఏనుగెక్కినంత సంబరం. పాండురంగయ్య బియ్యం బస్తాలు దించింది. మధ్యాహ్నానికల్లా వార్డులో ప్రతి మంచం దగ్గరా గంజి మగ్గు ఉంది. కొందరు ముఖం చిట్లించారు, అయినా తాగారు. గోడల మీద అడ్డగీతలు పడసాగాయి.

రేణు మంచం దగ్గర మాత్రం కిందకి పోయిన గీతలు ఆరు. అడ్డగీత ఒక్కటీ లేదు.

చిలకమ్మ మగ్గు పట్టుకుని వెళ్లింది. ఖీరోదా వాసన చూసింది. బెంగాలీలో గంజిని ఫేన్ అంటారు, నాయనమ్మని ఠాకుమా అంటారు.

“ఇది ఫేన్” అంది ఖీరోదా.

“ఔను, ఫేనే. ఉప్పేసినాను. తాగించు ఠాకుమా.”

“మేం ఫేన్ తాగం.”

ఎవరు వండారని పట్టింపు కాబోలనుకుంది చిలకమ్మ. “వండింది మీ బెంగాలీ వంట ఠాకూరే, బాపనాయనే. కావలిస్తే పిలుస్తాను, సూసుకో” అంది.

“ఎవరు వండితే ఏం? ఫేన్ తాగం.” ముసలావిడ మగ్గుని వెనక్కి నెట్టింది. గట్టిగా కూడా నెట్టలేదు. తగువు లేదు, కోపం లేదు. రేణు నాయనమ్మ వైపు చూసి, పెదవులు బిగించేసింది. పిల్లకి దాహంతో నాలిక పిడచకట్టుకుపోతోంది. అయినా సరే.

విల్‌ఫ్రెడ్ వచ్చి చూశాడు. “ముసల్దాన్ని అవతలకి తీసుకుపోదాం చిలకమ్మా. ఇద్దరు పట్టుకుంటే పిల్లకి పోసీవచ్చు” అన్నాడు.

“పట్టుకుని పోస్తే ఊపిరితిత్తుల్లోకి ఎల్లిపోతాది. ఒకేల దిగినా కక్కీస్తాది. నానొప్పిస్తాను, నువ్వు ఎల్లు” అంది చిలకమ్మ. డాక్టరు బాబు నాడి చూసి, లారీ వచ్చేసరికి ఎంత లేదన్నా రేపు అవుతుందని, పిల్ల అంతదాకా ఆగదని మెల్లగా చెప్పి వెళ్లాడు. సాయంత్రంలోగా నీళ్లు కడుపులో పడాలి. అంతే సంగతి.

చిలకమ్మ ఖీరోదా పక్కన చతికిలబడింది. మనుషుల్ని ఒప్పించడం తనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. దానికి ఆవిడ దగ్గర తిరుగులేని కథ ఒకటి ఉండేది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో వందసార్లు చెప్పి చెప్పి నున్నగా తయారైన కథ.

“సూడు ఠాకుమా. ఫేన్ అంటే నీకు సిన్నసూపేటి? ఆ పెద్దకరువు కాలంలో, మీ బెంగాలీ నెక్కలో యాభైయో సంవత్సరం, మా రైలోల్ల నెక్కలో నలభై మూడు, అప్పుడు నాకు పన్నెండేల్లు. మీవోల్లు గుంపులు గుంపులుగా మా రైలు కోటరుల ఎనకాలకొచ్చీవోరు. మా యమ్మ రోజూ కుండెడు ఫేన్ పోసీది. నానే, ఈ సేత్తోనే, గరిటట్టుకుని పోసీదాన్ని. వరసలో నిలబెట్టి మరీ పోసినాను. ఒక్కర్ని కూడా ఒట్టిసేతుల్తో పంపనేదు. ఆ ఫేన్ తాగి ఎంతమంది బతికినారో!”

ఎప్పుడు చెప్పినా ఈ చోటుకి వచ్చేసరికి వినేవాళ్లు ‘ఎంత పుణ్యం’ అనేవారు. ఖీరోదా మాత్రం మొదటిసారి తల తిప్పి చిలకమ్మ ముఖంలోకి చూసింది.

“రైలు వాళ్లా మీరు?”

“ఔను. ఖరగ్‌పూర్.”

“రైలు వాళ్లకి వేరే బియ్యం కొట్టు ఉండేది.”

“ఔను, కంపినీ కొట్టు.”

“మీ అమ్మ ఫేన్ మాకు పోసింది.” ముసలావిడ ఒక్కొక్క మాటా ఆగి ఆగి అంది. “ఆ ఫేన్ వార్చిన అన్నం ఎవరు తిన్నారు?”

చిలకమ్మ చేతిలో మగ్గు కింద పెట్టింది.

ఖీరోదా మళ్లీ పిల్ల బొటనవేలి వైపు తిరిగింది. “నాకు ముగ్గురు. మా ఊరి నుంచి కలకత్తా పోయాం. ఇంటింటి ముందూ ఫేన్ దావ్ మా, ఫేన్ దావ్ అని అరిచేవాళ్లం. బియ్యం అడిగితే తలుపులేసుకుంటారని ఫేనే అడిగేవాళ్లం. చిన్నది ఒళ్లో ఫేన్ తాగుతూ తాగుతూ పోయింది. గిన్నెలో ఇంకా సగం ఉంది. ఆ సగం మిగతా ఇద్దరికీ పోశాను. పోసి, అనుకున్నాను. ఈ ఇద్దరూ బతికితే వీళ్ల కడుపున పుట్టినవాళ్ల నోట్లో ఫేన్ పడనివ్వను అని. ఇది ఆ ఇద్దరిలో పెద్దవాడి కూతురు.”

చిలకమ్మ లేచి వరండా చివరికి వెళ్లి నిలబడింది. వాన తెరిపిచ్చింది. తన కథలో ఎన్నడూ చెప్పని ముక్క ఒకటి ఉంది. చెప్పకపోవడమే కాదు, ఇరవై ఎనిమిదేళ్లుగా తనకే గుర్తులేనట్టు దాటేసిన ముక్క. ఒకనాడు ఒకావిడ గంజి పట్టుకుని, గుప్పెడు అన్నం పెట్టమ్మా, పిల్లకి, అంది. ‘మావోల్లకే సాలదు’ అని తల్లి తలుపు వేసేసింది. తల్లి చెడ్డదని కాదు. ఆరుగురు పిల్లలు, కొలిచి ఇచ్చే బియ్యం. కానీ చాలకపోవడం మాత్రం అబద్ధం. తను ఆ పూట కడుపునిండా తింది. మిగిలింది తెల్లారి తినడానికి నీళ్లు పోసి దాచారు. తలుపు అవతల ఆ మనిషి చాలాసేపు నిలబడే ఉండటం కిటికీలోంచి తను చూసింది కూడా. చూసి వచ్చి అన్నం ముందు కూర్చుంది.

ఇంత సిగ్గు ఆవిడ జన్మలో ఎరగదు. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. ఏడ్చే తీరిక కూడా లేదు, రేణు మంచం దగ్గర కిందకి పోయిన గీతలు ఏడయ్యాయి. పని చెయ్యడం తప్ప ఆవిడకి వేరే ఏదీ చేతకాదు. గబగబా వంటపాకలోకి నడిచింది.

వాలంటీర్లకి రోజుకి ఒకటే భోజనం. బియ్యమంతా గంజికి పోతోంది కాబట్టి ఆ పూట ఆ భోజనం కూడా తగ్గించారు. చిలకమ్మ తన వంతు పళ్లెంలో పెట్టించుకుంది. అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర. ఇంకో చేత్తో వేడి వేడి గంజి చెంబు పట్టుకుంది. తిన్నగా వచ్చి ఖీరోదా ఎదురుగా వరండా అంచున కూర్చుంది.

“చిలకమ్మా! వార్డులో తినకూడదు! నీ రూలే!” అని విల్‌ఫ్రెడ్ గదిలోంచి కేకేశాడు.

“నానే పెట్టినాను, నానే తీసీనాను!” అని చిలకమ్మ తిరిగి కేకేసింది. ఖీరోదా చేతులమీద సబ్బునీళ్లు పోసి రుద్ది కడిగింది. పళ్లెం ఆవిడ ముందు పెట్టింది. గంజి చెంబు తన ముందు పెట్టుకుంది.

“నువ్వడిగినావు కదా ఠాకుమా. ఆ అన్నం నాను తిన్నాను. మా యమ్మ కాదు, ఎవులో కాదు. నాను. మీకు ఫేన్ పోసీసి, ఎల్లి కూకోని కడుపు నిండా తిన్నాను. ఇన్నాల్లూ అది గొప్పగా సెప్పుకు తిరిగినాను.” పళ్లెం ఇంకాస్త ముందుకి జరిపింది. “ఈ అన్నం నీది. ఈ ఫేన్ నాది. నువ్వు తిను, నాను తాగుతాను. ఇయ్యాల నాకు ఇంకేటీ నేదు.”

మగ్గులో పోసుకుని తాగింది. ఖీరోదా కదల్లేదు. రెండో మగ్గు తాగింది. వేడికి నాలిక చుర్రుమంది. పక్క మంచాల వాళ్లు తలలు తిప్పి చూస్తున్నారు. మూడోది పోసుకుంది. వట్టి గంజి మూడు మగ్గులు తాగితే కడుపు నిండినట్టే ఉంటుంది గానీ, ఎదురుగా అన్నం పళ్లెం ఉంటే అది నిండడం కాదని ఆవిడకి అప్పుడు తెలిసింది. నోట్లో నీళ్లూరుతున్నాయి. చూపు పళ్లెం మీద పడకుండా పట్టుకుని మూడోదీ తాగేసింది.

నాలుగో మగ్గు ఎత్తబోతే ఖీరోదా చెయ్యి అడ్డం పెట్టింది.

అప్పుడు ఆవిడ పళ్లెంలో వేళ్లు పెట్టింది. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఆరు రోజుల నడకలో, ఈ రెండు రోజుల్లో ఏం తిందో, తిందో లేదో ఎవరూ అడగలేదు. నముల్తూంటే కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం మీదకి జారాయి, తుడుచుకోలేదు. రెండు ముద్దలు తిని ఆగింది. చేత్తో పళ్లెంలో అన్నానికి మధ్యగా గీత గీసింది. ఒక సగం చిలకమ్మ వైపు జరిపింది.

“తిను” అంది.

“నాకొద్దు ఠాకుమా, అది నీ...”

“తినమంటే తిను. నువ్వు తింటేనే దానికి పోస్తాను.”

జీవితంలో చిలకమ్మ ఎదురు చెప్పకుండా విన్న మాట అదే అయ్యుంటుంది. ఇద్దరూ ఒకే పళ్లెంలో, అటూ ఇటూ కూర్చుని తిన్నారు. విల్‌ఫ్రెడ్ గుమ్మంలోకి వచ్చి చూసి, రూలు సంగతి మళ్లీ ఎత్తకుండా లోపలికి వెళ్లిపోయాడు. తిన్నాక ఖీరోదా చేతులు కడుక్కుని, మగ్గు తనే తీసుకుని, మనవరాలి తల తన మోచేతిమీద ఎత్తి పెట్టుకుంది.

“తాగు తల్లీ” అంది.

రేణు తాగింది. కక్కింది. “కక్కనియ్యి, మళ్లీ పొయ్యి” అంది చిలకమ్మ. మళ్లీ తాగింది. గోడమీద మొదటి అడ్డగీత చిలకమ్మే గీసింది, బొగ్గు విరిగేంత గట్టిగా. రెండు, మూడు, అయిదు, తొమ్మిది. నాడి దారంలా తగిలింది, తరవాత తాడులా తగిలింది. సాయంత్రం పొద్దు వాలుతూండగా రేణు సిగ్గుపడుతూ నాయనమ్మ చెవిలో ఏదో చెప్పింది. ఒళ్లు ఎండిపోయిన కలరా రోగికి మళ్లీ ఒంటికి వస్తోందంటే గండం గడిచినట్టే. చిలకమ్మ బకెట్టు మార్చి, వంగి చూసి, వరండా దద్దరిల్లేలా “పోసింది! డాక్టరు బావూ, పిల్ల పోసింది!” అని అరిచింది. డాక్టరు బాబు పరిగెత్తుకొచ్చాడు. రేణు కొంగు ముఖం మీదకి లాక్కుంది. పక్క మంచం మీద మూలుగుతున్నవాళ్లు కూడా నవ్వారు.

లారీ ఒక రోజు కాదు, రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఈలోగా చిలకమ్మ వార్డుకి కొత్త రూలు పెట్టింది. గంజి తాగి కుదుటపడ్డవాడికి, తినగలిగిన పూటే, మెత్తటి అన్నం పెట్టాలి. అన్నం చాలకపోతే ముందు వాలంటీర్ల పళ్లేల్లోంచి తగ్గించాలి. పదకొండుమంది మగవాళ్లలో గొణిగినవాళ్లు లేకపోలేదు. వాళ్ల గొణుగుడు ఆ గొంతు ముందు ఎంతసేపు నిలుస్తుంది?

మూడో రోజు పొద్దున్న మరో గుంపు సరిహద్దు దాటి వచ్చింది. చిలకమ్మ మంచాలు సర్ది, గంజి కుండ కోసం వంటపాకకి వెళ్తే కుండ అక్కడ లేదు. ఖీరోదా దాన్ని వరండాలోకి మోయించుకుపోయింది. చీర కొంగు నడుముకి చుట్టి, గరిట పట్టుకుని కూర్చుని ఉంది. కొత్తగా వచ్చినవాళ్లలో ఆవిడ ఈడు మనిషి ఒకతె మగ్గులోకి చూసి, అదేమిటో గుర్తుపట్టి, ముఖం తిప్పేసుకుంది.

ఖీరోదా ఆవిడ చెయ్యి పట్టుకుంది. “ముందు ఇది తాగు” అంది. “వెనకాల అన్నం ఉంది. నేను తిన్నాను.”